మిల్లు కంప్యూటర్‌లో పాత ఆఫీస్ తీసి కొత్తది పెట్టుకోవాలంటే

నెల్లూరు చుట్టుపక్కల రైసు మిల్లుల్లో, కమీషన్ కొట్లలో, దస్తావేజులు రాసేవాళ్ల గదుల్లో 2007, 2010 నాటి ఎంఎస్ ఆఫీస్ ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. బాగా నడుస్తున్నదాన్ని కదిలించడం ఎందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ మాటా నిజమే గానీ, కంపెనీ వాటికి ఎప్పుడో నీళ్లొదిలేసింది. భద్రతా అప్‌డేట్లు 2007కి 2017 అక్టోబర్‌లో, 2010కి 2020 అక్టోబర్‌లో, 2013కి 2023 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. 2016, 2019 రెండింటికీ ఒకే రోజు, 2025 అక్టోబర్ 14న ఆగాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయిందీ ఆ రోజే. బ్రోకర్ వాట్సాప్‌లో పంపిన ఎక్సెల్ ఫైలు, బ్యాంకు పేరుతో వచ్చిన ఈమెయిల్ అటాచ్‌మెంట్ రోజూ తెరిచే కంప్యూటర్ ఇలా దిక్కులేకుండా ఉండకూడదు.

ఇన్‌స్టాల్ చేయడం చిన్న పని, ఏ కుర్రాడైనా చేసిపెడతాడు. అసలు పనంతా దానికి ముందూ తర్వాతా మీ ఫైళ్ల దగ్గరుంది. అందుకే ఆ భాగమే ఎక్కువ రాస్తున్నాను. ఉదాహరణకు మిల్లు లెక్కలు తీసుకున్నాను. గూడూరు నిమ్మకాయల మండీకైనా, అల్లూరు రొయ్యల మేత కొట్టుకైనా పద్ధతి ఇదే.

రోజు కుదుర్చుకోవడం

మార్చి, ఏప్రిల్‌లో అస్సలు వద్దు. పెద్ద పంట ధాన్యం లారీలు కాటా ముందు వరసకట్టి ఉంటాయి, ఆ పైన మార్చి 31 లెక్కలు. ఎడగారు, అంటే రెండో పంట, కోతలప్పుడూ వద్దు. మిగతా నెలల్లో జీఎస్టీ నెలనెలా వేసేవాళ్లకు 11న జీఎస్టీఆర్ 1, 20న 3బి రిటర్న్‌ల గడువులు ఉంటాయి కాబట్టి 21 దాటాక పెట్టుకోండి, నెలాఖరుకు నాలుగైదు రోజులు మిగిలేలా చూసుకోండి. పొద్దున్నే మొదలుపెట్టండి. యూపీఎస్ బ్యాటరీ నిలబడుతుందో లేదో ముందురోజే ప్లగ్గు పీకి చూడండి. మధ్యలో కరెంటు పోయి సగంలో ఆగిన ఇన్‌స్టలేషన్‌ను బాగుచేయడం కంటే మొదటిసారి చేయడమే సులువు.

ఏది తీసుకోవాలి

దారులు మూడు. ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునే ఆఫీస్ 2024 ఒక కంప్యూటర్‌కే పనికొస్తుంది, 2029 అక్టోబర్ వరకు అప్‌డేట్లు వస్తాయి. దీంట్లో హోమ్ అని రాసినది కాకుండా హోమ్ అండ్ బిజినెస్ అని రాసినది తీసుకోండి. వ్యాపారానికి అదే సరైనది, అవుట్‌లుక్ కూడా దాంతోనే వస్తుంది. రెండోది చందా కడుతూ వాడుకునే మైక్రోసాఫ్ట్ 365. మూడోది లిబ్రేఆఫీస్. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది, వ్యాపారానికి వాడినా పైసా కట్టక్కర్లేదు.

నన్నడిగితే ఉత్తరాలు, కొటేషన్లు, మామూలు కూడికలు తీసివేతలు ఉన్న కొట్టుకు లిబ్రేఆఫీస్ చాలు. మాక్రోలు, అంటే ఒక్క నొక్కుతో పని తనంతట తానే జరిగిపోయేలా ఎక్సెల్ లోపల రాసుకునే చిన్న ప్రోగ్రాములు, ఉన్న ఎక్సెల్ మీద మిల్లు నడుస్తుంటే, ఆడిటర్‌తో ఫైళ్లు అటూ ఇటూ తిరుగుతుంటే ఆఫీస్ 2024 కొనండి. మిల్లు ఒకచోట, ఆఫీసు ట్రంకు రోడ్డులో, ఓనరు చెన్నైలో ఉండి ముగ్గురూ ఒకే ఫైలు చూడాలంటేనే 365కి అర్థం ఉంది. లేకపోతే ఏటా కట్టే డబ్బు దండగ.

ఆన్‌లైన్‌లో నాలుగైదొందలకు దొరికే కీల, అంటే లైసెన్సు నంబర్ల, జోలికి పోవద్దు. ఎక్కడో పెద్ద సంస్థకిచ్చిన లైసెన్సును ముక్కలు చేసి అమ్మేవే వాటిలో ఎక్కువ. కొన్నాళ్లు పనిచేసి ఒక పొద్దున ఎరుపు పట్టీ చూపిస్తాయి. యాక్టివేటర్ పేరుతో పెన్‌డ్రైవ్‌లో తిరిగే క్రాక్ ఇంకా ప్రమాదం. దాన్ని నడపాలంటే యాంటీవైరస్ ఆపమంటుంది, ఆపిన కంప్యూటర్‌లోనే మీ నెట్ బ్యాంకింగ్ ఉంటుంది.

కంప్యూటర్ కూడా సరిపోవాలి. ఆఫీస్ 2024కి విండోస్ 10 గానీ 11 గానీ, 4 జీబీ ర్యామ్, డిస్కులో 4 జీబీ ఖాళీ ఉండాలి. కాగితం మీద అంతే. నిజానికి 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటేనే ఓపిక నశించకుండా పని జరుగుతుంది. విండోస్ 7 మీద ఇది ఎక్కదు. లిబ్రేఆఫీస్ కూడా 25.8 నుంచి, అంటే 2025 ఆగస్టు విడుదల నుంచి, విండోస్ 7, 8లను వదిలేసింది. మీది అలాంటిదైతే కంప్యూటరే మార్చుకోవాలి.

ఫైళ్లు దాచడం

‘డాక్యుమెంట్స్ మొత్తం కాపీ చేశాను సార్’ అంటాడు కుర్రాడు. డాక్యుమెంట్స్‌లో ఉండేది కొంతే. గుమాస్తా గారి లెక్కలు డెస్క్‌టాప్ మీద ‘న్యూ ఫోల్డర్ 3’లో ఉంటాయి, పోయినేటివి డి డ్రైవులో, ఆడిటర్ సరిచేసి పంపినవి డౌన్‌లోడ్స్‌లో. అందుకని ఫోల్డర్లు వెతకకుండా ఫైళ్లనే వెతకండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘దిస్ పీసీ’ మీద నిలబడి, సెర్చ్ పెట్టెలో నక్షత్రం గుర్తు, చుక్క, ఎక్స్ఎల్ఎస్ (*.xls) కొట్టండి. తర్వాత అలాగే డీఓసీ కొట్టండి. ఎక్కడెక్కడ ఏమున్నాయో బయటపడతాయి. అన్నీ బయటి హార్డ్ డిస్కులోకి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. రెండూ ఒకే డ్రాయర్‌లో పెట్టకండి.

మామూలుగా మరిచిపోయేవి ఇంకొన్ని ఉన్నాయి. అవుట్‌లుక్ వాడేవాళ్లకు మెయిల్ అంతా పీఎస్‌టీ అనే ఒకే ఫైలులో ఉంటుంది. ఎక్సెల్‌లో అన్ని పుస్తకాలకూ పనికొచ్చేలా రాసుకున్న మాక్రోలు ‘పర్సనల్’ పేరున్న ఫైలులో, ఎక్స్ఎల్ స్టార్ట్ ఫోల్డర్‌లో దాగి ఉంటాయి. వర్డ్‌లో మీ లెటర్‌హెడ్ టెంప్లేట్లు వేరే చోట. తెలుగు ఫాంట్లయితే విండోస్ లోపల ఫాంట్స్ ఫోల్డర్‌లో.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఎవరూ చేయరు, తప్పకుండా చేయండి. పాత ఆఫీస్ ఇంకా ఉండగానే ముఖ్యమైన పుస్తకాలు తెరిచి, ఆఖరి మొత్తాలున్న పేజీలను పీడీఎఫ్‌గా దాచండి, లేదా ప్రింట్ తీయండి. రైతుల బాకీల పట్టిక, గోతాల లెక్క, పోయిన నెల ధాన్యం రాక, ఇవి చాలు. కొత్తదాంట్లో తెరిచినప్పుడు అంకె మారిందా లేదా అని సరిచూసుకోవడానికి ఇదొక్కటే ఆధారం.

తెలుగు ఫాంట్ల సంగతి

దస్తావేజులు, కరపత్రాలు, నోటీసులు చేసేవాళ్లకు అసలు తలనొప్పి ఇక్కడే. అనూ లాంటి పాత ఫాంట్లలో కొట్టిన అక్షరం తెరమీద తెలుగే గానీ లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కోడే. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అడ్డదిడ్డమైన గుర్తులు కనిపిస్తాయి. కంగారు పడి అంతా సెలెక్ట్ చేసి ఫాంటు మార్చకండి. ఏ పేరా ఏ ఫాంటులో ఉందో వర్డ్‌కు గుర్తుంటుంది. ఫాంట్లు ఎక్కించి ఫైలు మళ్లీ తెరిస్తే తెలుగు తిరిగొస్తుంది. మీరు ఫాంటు మార్చి సేవ్ చేస్తే మాత్రం ఆ గుర్తు పోయినట్టే.

ఇంకో చిక్కు కొత్త ఆఫీస్ వేశాక వస్తుంది. వాక్యం మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దక్షరం చేసే ఆటోకరెక్ట్ మళ్లీ ఆన్ అవుతుంది. ఇంగ్లీషుకు అది మేలే. పాత తెలుగు ఫాంటులో చిన్నక్షరం ఒక తెలుగు అక్షరం, పెద్దక్షరం ఇంకో తెలుగు అక్షరం కాబట్టి మీరు ఒకటి కొడితే ఇంకొకటి పడుతుంది. కీబోర్డు పాడైందని కొత్తది కొనేవాళ్లున్నారు. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి వాక్యం మొదట్లో క్యాపిటల్ చేసే టిక్కు తీసేయండి. కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చే టిక్కు కూడా తీసేయండి. ఎక్సెల్‌లో విడిగా ఇదే పని ఇంకోసారి.

యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే కోడ్‌లో, గౌతమి ఫాంటుతో రాసుకున్నవాళ్లకు అక్షరాలు పోవు, పేజీలు జరుగుతాయి. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు మామూలుగా రావు, వాటి బదులు నిర్మలా యూఐ కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ చేర్చుకుంటే రెండూ వస్తాయి. అప్పుడు రెండు పేజీల అగ్రిమెంటు మూడో పేజీలోకి ఒక్క సంతకం గీతతో పారిపోకుండా ఉంటుంది.

కొత్త ఉత్తరాలు ఇకనుంచి యూనికోడ్‌లోనే రాసుకోండి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. పాత దస్తావేజుల కాపీలన్నీ మార్చుకుంటూ కూర్చోవద్దు, పీడీఎఫ్ చేసి పెట్టుకోండి, చాలు.

ఇన్‌స్టాల్

పాతదాన్ని తీయబోయే ముందు దాని వివరం రాసుకోండి. ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ నొక్కితే 32 బిట్టో 64 బిట్టో ఉంటుంది. 2010లో అయితే ఇది హెల్ప్ కింద ఉంటుంది. 2007 అయితే చూడక్కర్లేదు, అది 32 మాత్రమే. ఈ రెండు రకాలూ ఒకే కంప్యూటర్‌లో కలిసి ఉండవు. కొత్తవి మామూలుగా 64తో వస్తాయి. మీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నుంచి ఓడీబీసీ అనే వారధి ద్వారా ఎక్సెల్‌లోకి లెక్కలు లాగుతుంటే ఆ డ్రైవరూ 64 బిట్‌దే ఉండాలి. ఇది సాఫ్ట్‌వేర్ వేసిచ్చినవాళ్లను ముందే అడగండి.

తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో పాత ఆఫీస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసి, కొత్తది మొదలుపెట్టండి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. యాక్టివేషన్‌కు ఈమెయిల్ అడుగుతుంది. ఆ పూట వచ్చిన కుర్రాడు తన ఫోన్‌లోని ఈమెయిల్ కొట్టేసి వెళ్లిపోతే లైసెన్సు అతని పేరు మీద ఉండిపోతుంది. రెండేళ్లకు హార్డ్ డిస్కు పోయినప్పుడు అతను ఏ బెంగళూరులోనో ఉంటాడు. మిల్లు పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ ఓనరు దగ్గర, రికవరీ ఫోన్ నంబరు ఓనరుదే ఉండేలా చూసుకోండి. బిల్లు, కీ ఉన్న కార్డు ఫోటో తీసి అదే మెయిల్‌కు పంపుకోండి.

లిబ్రేఆఫీస్‌కు ఈ బాధ లేదు. వాళ్ల సొంత సైటు నుంచే దించుకోండి. పాత లిబ్రేఆఫీస్ ఉంటే కొత్తది దాని మీదే కూర్చుంటుంది, మీ సెట్టింగులు పోవు.

తెరిచిన వెంటనే చూడాల్సినవి

కంప్యూటర్ కూడా కొత్తదైతే ముందు విండోస్ సెట్టింగ్స్‌లో రీజియన్ చూడండి. ఇంగ్లీష్ ఇండియా ఉండాలి. అమెరికా ఉంటే మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. 03-04 అని కొడితే ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4 పడుతుంది. వర్డ్ కాగితం సైజు ఏ4కి బదులు లెటర్ అవుతుంది. లక్షల కామా వెయ్యిల కామా అయిపోతుంది.

మూడోది లెక్క వేసి చూడండి. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు, ఎనిమిదిన్నర క్వింటాళ్లు. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే పుట్టి 20,136.50. లారీలో నికరంగా 17,850 కిలోలు దిగితే 21 పుట్లు, మొత్తం 4,22,866.50. రీజియన్ తప్పుంటే అదే అంకె 422,866.50 అని కనిపిస్తుంది. విలువ మారలేదు, కామానే జరిగింది. కానీ నలభై ఏళ్లుగా లక్షల్లో చదివిన గుమాస్తా గారు కళ్లజోడు సర్దుకుని ‘ఏమబ్బయా, ఇది నాలుగు లక్షలా నలభై వేలా?’ అని అడుగుతారు. చెక్కు రాసే చోట ఆ అనుమానం ఉండకూడదు.

ఫాంటు కూడా మారి ఉంటుంది. 2007 నుంచి వచ్చిన కాలిబ్రీ బదులు ఇప్పుడు ఆప్టోస్ అనేది ముందుగా వస్తుంది. పాత కంప్యూటర్లలో అది ఉండదు కాబట్టి మీరు పంపిన కొటేషన్ అవతల వేరేలా కనిపిస్తుంది. వర్డ్‌లో ఫాంట్ డబ్బా తెరిచి కాలిబ్రీ ఎంచుకుని సెట్ యాజ్ డిఫాల్ట్ కొట్టండి. ఎక్సెల్‌లో ఆప్షన్స్, జనరల్ కింద మార్చుకోవచ్చు. డాట్ మ్యాట్రిక్స్ మీద అచ్చేసిన బిల్లు కాగితాలు వాడేవాళ్లు ఒక తెల్లకాగితం మీద ప్రింట్ తీసి, బిల్లు కాగితంతో కలిపి వెలుతురుకు పట్టి చూసుకోండి. గడుల్లో పడితే సరే.

పాత ఎక్సెల్ పుస్తకాలను కొత్త రకంలోకి మార్చడం

పైన పట్టీలో ‘కంపాటిబిలిటీ మోడ్’ అని కనిపిస్తే అది ఎక్స్ఎల్ఎస్ రకం, అంటే 2003 నాటి పద్ధతి. 65,536 వరసలు దాటితే దాంట్లో పట్టదు. కొత్త ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌లో 10,48,576 వరసలు. మార్చుకోవడం మంచిదే, హడావుడిగా మాత్రం వద్దు. ఫైల్ మెనూలో కన్వర్ట్ అనేది నొక్కితే పాత ఫైలు స్థానంలో కొత్తది కూర్చుంటుంది, కాబట్టి సేవ్ యాజ్ వాడండి. మాక్రోలున్న పుస్తకమైతే ఎక్స్ఎల్ఎస్ఎమ్ ఎంచుకోవాలి. ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌గా దాస్తే మాక్రోలన్నీ పోతాయి. సేవ్ చేశాక మూసి మళ్లీ తెరిస్తేనే కొత్త వరసలు వస్తాయి.

అసలు గొయ్యి లింకుల్లో ఉంది. ‘ధాన్యం రాక’ పుస్తకంలో రోజూ కాటా చీటీలు ఎక్కిస్తారు, ‘నెల లెక్క’ పుస్తకం దాంట్లోంచి మొత్తాలు లాక్కుంటుంది అనుకుందాం. మీరు ‘ధాన్యం రాక’ను ఒక్కదాన్నే తెరిచి కొత్త రకంలో దాచారు. పాత ఎక్స్ఎల్ఎస్ పక్కనే ఉంది. ‘నెల లెక్క’ ఇంకా దాన్నే చదువుతుంది. రేపటి నుంచి చీటీలన్నీ కొత్త ఫైలులో పడతాయి, నెల మొత్తం మాత్రం మార్చిన రోజు దగ్గరే ఆగిపోతుంది. ఎర్రర్ ఏదీ రాదు, అంకె చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది. నెలాఖరున గోతాలు, పుట్లు కలవక గోడౌన్‌లో దొంగతనం జరిగిందేమోనని హమాలీల మీద అనుమానపడతారు.

దీనికి మందు ఉంది. ముందు రెండు పుస్తకాలనూ ఒకేసారి తెరవండి. ‘ధాన్యం రాక’ను సేవ్ యాజ్ చేయండి. పక్కన తెరిచి ఉన్న ‘నెల లెక్క’లో లింకు తనంతట తానే కొత్త పేరుకు మారుతుంది. తర్వాత ‘నెల లెక్క’నూ సేవ్ యాజ్ చేయండి. డేటా ట్యాబ్‌లో ఎడిట్ లింక్స్ అని గానీ, కొత్తవాటిలో వర్క్‌బుక్ లింక్స్ అని గానీ ఉంటుంది. అక్కడ చివర ఎక్స్ఎల్ఎస్ అని ఇంకా ఏదైనా మిగిలితే చేంజ్ సోర్స్‌తో మార్చండి. ఆఖరున పాత ఎక్స్ఎల్ఎస్ ఫైళ్లన్నీ వేరే ఫోల్డర్‌లోకి జరిపేయండి. ఎక్కడైనా పాత లింకు తప్పించుకుని ఉంటే ఫైలు దొరకడం లేదని ఎక్సెల్ గోల పెడుతుంది. ఆ గోలే మనకు కావాలి.

ఇప్పుడు ముందుగా తీసి పెట్టుకున్న పీడీఎఫ్‌లతో మొత్తాలు సరిచూడండి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెట్టండి, పాత చిట్టా పద్ధతే.

మాక్రోలు కదలకపోతే బెంబేలు పడకండి. ఈమెయిల్‌లో, ఇంటర్నెట్‌లో వచ్చిన ఫైళ్ల మాక్రోలను ఆఫీస్ 2022 నుంచి ముందే ఆపేస్తోంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్కు పెడితే నడుస్తాయి. మీవేనని ఖాయంగా తెలిసినవాటికే ఆ టిక్కు పెట్టండి. వచ్చిన ప్రతిదానికీ పెట్టేట్టయితే ఆఫీస్ మార్చుకున్నదెందుకు?

లిబ్రేఆఫీస్ ఎంచుకున్నవాళ్లు టూల్స్, ఆప్షన్స్, లోడ్ సేవ్, జనరల్‌కు వెళ్లి, ఎప్పుడూ దాచే రకం వర్డ్, ఎక్సెల్ వాటిదే ఉండేలా పెట్టుకోండి. లేకపోతే లిబ్రేఆఫీస్ సొంత రకమైన ఓడీఎస్ ఫైలు వెళ్లి ఆడిటర్ ఆఫీసులో ఫోన్ మోగుతుంది. అదే ఆప్షన్స్‌లో భాషల విభాగం కింద కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేసి తెలుగు ఎంచుకోండి. తెలుగు ఫాంటు, దాని సైజు ఇంగ్లీషుకు విడిగా ఉంటాయి, రెండూ పెట్టుకోవాలి. ఎక్సెల్ మాక్రోలు కొన్ని దీంట్లో నడుస్తాయి, కొన్ని నడవవు. పరీక్షించకుండా నమ్మొద్దు.

ఆడిటర్ దగ్గర పాత ఎక్సెల్ ఉంటే కొత్త ఎక్స్‌లుకప్, ఫిల్టర్ లాంటి ఫార్ములాలు కొన్నాళ్లు మానుకోండి. ఆయన ఫైలు తెరిచి ఏ గడి కదిలించినా నేమ్ ఎర్రర్ పడుతుంది. వీలుకప్‌తోనే నెట్టుకురండి, లేదా ఆయనకు పీడీఎఫ్ పంపండి.

కొత్త కంప్యూటర్‌కు మారినవాళ్లు పాతదాన్ని వెంటనే ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేయకండి. ఇంటర్నెట్ కేబుల్ పీకేసి పక్కన పెట్టండి. కొత్తదాంట్లో ఒక నెలాఖరు ముగించి, ఒకసారి జీఎస్టీ వేసి, ఆడిటర్ సరేనన్నాకే దాని హార్డ్ డిస్కు విప్పి తీసుకుని, మిగతా డబ్బా ఇచ్చేయండి. హార్డ్ డిస్కు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, రైతుల ఆధార్ కాపీలు, పాస్‌బుక్కుల స్కాన్లు దాంట్లోనే ఉంటాయి.